ఆగస్టులో నిచ్చెన

ఆగస్టులో అడవిలోకి నిచ్చెన మోసుకెళ్ళేదాన్ని
నేనొక్కదాన్నే.
కింద విడిది దగ్గర బూట్ల బురద గీక్కుంటున్న కుర్రాళ్ళు
"ఏం మామ్మా, చందమామ మీదికా?" అంటారు.
అననీ.
ఈ షిక్-షాక్ కొండల్లో ప్రతి దారీ రెండు దారులని
వాళ్ళకింకా తెలీదు.
ఒకటి వేర్ల మీంచి పోతుంది.
రెండోది దానికి నిలువెత్తు పైన,
కొమ్మల నడుమ, జనవరిలో మొదలవుతుంది.

నీలం గుర్తు వేసవిది, నా గుండెల ఎత్తున.
పసుపుది చలికాలానిది.
మంచులో వేస్తే రంగు బెరడుకి అంటదు.
అందుకే చెమట కారే ఎండలో నిచ్చెనెక్కి
ఇంకా పడని మంచు మీద నిలబడి వేయాలి.

మే నెల ఈ దారిది కాదు, ఎవరిదీ కాదు.
తొడదాకా దిగబడతాం,
బూటు లోపలే ఉండిపోయి కాలొక్కటే పైకొస్తుంది.
జూన్‌లో నుసుములు. చెవుల వెనక నెత్తురు.
"తిట్టకు, వాగులో చేపలు నొచ్చుకుంటాయి,
వాటి తిండి అది" అనేవాడు తెలెస్ఫోర్.

పదకొండేళ్ళు ఈ నిచ్చెన రెండో కొస అతనిదే.
తాత చేసిన స్నోషూలే కట్టేవాడు,
కర్రను ఆవిరికి వంచి, మూస్ తోలు పేని అల్లినవి.
కాళ్ళకు చేటలు కట్టుకుని ఉప్పురాశి మీద నడిచినట్టు
చప్పుడే ఉండేది కాదు.
నావి అల్యూమినియంవి, అడుగడుక్కీ గిన్నెలు దొర్లినట్టు మోగుతాయి.
అతను వెనకున్నాడో లేడో
తిరిగి చూస్తేగాని తెలిసేది కాదు.

ఫిబ్రవరిలో పోట్లాడుకున్నాం.
చేతితొడుగు కోసం. చెప్పుకుంటే సిగ్గు.
నారింజరంగుది, నేనల్లింది.
పట్టీ బిగించుకోవాలంటే తీసిచ్చాను.
తిరిగిచ్చేశానన్నాడు. ఇవ్వలేదన్నాను.
సున్నాకి ఇరవయ్యారు కింద, వేళ్ళు కొయ్యబారుతున్నాయి,
"నీకు మతి తప్పుతోంది" అన్నాను.
అతనేం అనలేదు.
దిగేటప్పుడు తను ముందు, నేను వెనక.
ఆ రోజే మొదటిసారి
అతని అడుగుల చప్పుడు విన్నాను.

ఏప్రిల్లో పెట్రోలు బంకులో ఎవరో చెప్పారు,
మతాన్ వెళ్ళిపోయాడని,
రొయ్యల కార్ఖానాలో రాత్రి కాపలా అని.

ఇవాళ పదిహేడో చెట్టు. బర్చ్.
ఏడో మెట్టు మీద బెరడు నిండా పంటిగాట్లు.
చెవులపిల్లివి.
నేల నుంచి ఎనిమిదడుగులు.
ఎగిరి కొరికింది కాదు,
కూర్చుని, తీరిగ్గా, చలికాలమంతా తిన్న గుర్తులు.
ఆ చెట్టు మీద మంచు సంతకం ఎప్పుడూ అదే చేస్తుంది.

దానికి మూరెడు పైన, విరిగిన రెమ్మకి,
ఇటుకరంగుకి తిరిగిన నారింజ.
బొటనవేలి అరలో ఉడత దాచిన ఎండు పుట్టగొడుగు.
అంచు కొరికేసి ఉంది.
మణికట్టు దారం రెమ్మ చుట్టూ రెండు చుట్లు తిరిగి
ఎడమ నుంచి లోపలికి దూరిన ముడి.
ఎడమచేతి ముడి.

తెలెస్ఫోర్ కుడిచేతివాడు.

చాలాసేపు మెట్టు మీదే ఉన్నాను.
రంగు డబ్బాలో ఒక ఈగ పడి పచ్చగా ఈదింది.
గుర్తు వేశాను. కొంచెం వంకర.
పుట్టగొడుగు తీసి పక్క కొమ్మ సందులో పెట్టాను, అది నాది కాదు.
ముడి విప్పలేదు.
రెమ్మతో సహా కోశాను,
ముప్పై ఏళ్ళలో ఈ దారిలో నేను కోసిన మొదటి పచ్చి రెమ్మ.
తొడుగూ ముడీ రెమ్మా
అట్టపెట్టెలో పట్టేలా ఉన్నాయి.
లోపల ఏం రాయాలో తెలీదు. చూసుకుంటాడు,
ముళ్ళు తెలిసినవాడు.

దిగుతుంటే నిచ్చెన వెనక కొస
రాళ్ళ మీద టకటకమంటూ ఈడ్చుకొస్తోంది.
తిరిగి చూడక్కర్లేదు,
వెనక ఎవరూ లేరని
దారంతా తెలుస్తూనే ఉంది.